రంగు నీళ్లకు రెండు డ్రమ్ములు, ఒక గడ్డి పడక: చేనేత ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఊళ్లలో పెరిగినవాళ్లకు ఒక విద్య చిన్నప్పుడే అబ్బుతుంది. మురుగు కాలువలో పారే నీళ్లను చూసి ఏ ఇంట్లో ఏ చీరకు నూలు సిద్ధమవుతోందో చెప్పేస్తారు. మేమూ అలాగే చెప్పేవాళ్లం. పొద్దున ఎరుపు, మధ్యాహ్నానికి నలుపు, సాయంత్రానికి రెండూ కలిసిన బురద రంగు. ఆ కాలువ ఎక్కడికి పోతుందని మాత్రం మాలో ఎవరమూ అడగలేదు. ఊరి చివర పల్లంలో ఇంకి, చివరికి మన బోర్లలోకే చేరుతుందని అర్థమయ్యేసరికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన ఉమ్మడి నల్లగొండ జిల్లా మనది. భూమి లోపలి నీరు ఒకసారి చెడితే ఎంత కష్టమో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

రంగు నీళ్లను సూక్ష్మజీవులతో శుద్ధి చేసుకునే దారి చెప్పే ఈ వ్యాసం ఇంట్లోనో, నలుగురైదుగురు కలిసి నడిపే షెడ్డులోనో నూలుకూ పట్టుకూ రంగు వేసేవాళ్ల కోసం. నారాయణపేట, గద్వాల, రాజోలి నేతకారులకూ ఇదంతా పనికొస్తుంది. సైన్సు చదివే పిల్లలు ప్రాజెక్టుగా చేయడానికీ వీలుంటుంది. పెద్ద డైయింగ్ ఫ్యాక్టరీలకు ఇది సరిపోదు. వాళ్లకు ఇంజనీర్లు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, పెద్ద ప్లాంటు కావాలి.

అన్నిటికంటే ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. నీళ్లలో రంగు పోవడం వేరు, విషం పోవడం వేరు. ఈ తేడా తెలియక నేను ఒక జామ చెట్టును పోగొట్టుకున్నాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నీళ్లలో రంగు ఎందుకు మిగులుతుంది

నూలుకు మనం ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు దారంతో గట్టిగా ముడిపడతాయి. కానీ తొట్టిలో కొంత రంగు దారంతో కలవకుండా నీటితోనే కలిసిపోతుంది. అలా కలిసిన రంగుకు ఇక దారాన్ని పట్టుకునే శక్తి ఉండదు. దాన్ని మళ్లీ వాడలేం. రకాన్ని, ముదురుతనాన్ని బట్టి వేసిన రంగులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కాలువ పాలవుతుంది.

కృత్రిమ రంగుల్లో సగానికి పైగా ఆజో జాతివి. వాటి నడుమ రెండు నత్రజని పరమాణువులు జంట బంధంతో చేతులు పట్టుకొని ఉంటాయి. కంటికి కనిపించే ఎరుపు, పసుపు, నలుపు చాలావరకు ఆ బంధం పుణ్యమే. చీర ఎండకూ సబ్బుకూ వెలిసిపోకుండా ఉండేలా ఈ అణువులను తయారు చేశారు కాబట్టి నేలలోనూ నీటిలోనూ అవి అంత తేలిగ్గా చెడిపోవు.

వాటిని విరగ్గొట్టే పనివాళ్లు రెండు రకాలు. గాలి లేని చోట బతికే బ్యాక్టీరియా మొదటి రకం. అవి తిండిని అరిగించుకున్నప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఆక్సిజన్ దొరికితే దానికే ఇస్తాయి, దొరకనప్పుడు ఆజో బంధానికి ఇస్తాయి. బంధం తెగుతుంది, రంగు పోతుంది. రెండో రకం తెల్ల కుళ్లు శిలీంధ్రాలు. అడవిలో పడిపోయిన మానును తెల్లగా, దూదిలా మార్చేవి ఇవే. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడానికి ఇవి తమ ఒంట్లోంచి ఎంజైములను బయటికి చిమ్ముతాయి. లిగ్నిన్‌కు ఒక క్రమమైన ఆకారం లేదు కాబట్టి ఆ ఎంజైములు కూడా ఎదుట ఏముందో పెద్దగా ఎంచవు, రంగు అణువునైనా పట్టి ఆక్సీకరణం చేస్తాయి. వాటిలో ముఖ్యమైన లాకేజ్‌ను 1883లోనే జపాన్ శాస్త్రవేత్త యోషిదా గుర్తించారు. అక్కడ పాత్రలకు నిగనిగలాడే పూతగా వాడే ఒక చెట్టు పాలలో అది దొరికింది. లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే మరో ఎంజైము సంగతి 1983లో అమెరికాలో బయటపడింది. మనం మార్కెట్లో కొనే ముత్యపుచిప్ప పుట్టగొడుగు కూడా ఈ తెల్ల కుళ్లు కుటుంబానిదే.

నిజానికి మన రంగుల ఇళ్లకు సూక్ష్మజీవులు కొత్త కాదు. పాతకాలంలో నీలిమందు కుండలో తగిరిస గింజలు ఉడికించి పోసి, సున్నం వేసి, రోజుల తరబడి పులియబెట్టేవారు. నీటిలో కరగని నీలిని కరిగే రూపంలోకి మార్చింది ఆ కుండలోని బ్యాక్టీరియానే. ఇప్పుడు వాటి బంధువులనే రంగు తీయడానికి పిలుస్తున్నాం.

మొదటి పని: నీళ్లను కలపకుండా పట్టుకోవడం

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. అన్ని నీళ్లూ ఒకే గుంతలో పోసి, తర్వాత దాన్ని బాగుచేద్దామనుకుంటారు. అలా కుదరదు. మూడు నాలుగు పాత్రలు విడిగా పెట్టుకోండి.

నూలు రియాక్టివ్ రంగు తొట్టి నీళ్లు, వాటి జాడింపు నీళ్లు ఒక చోటికి. పట్టుకు వేసే ఆసిడ్ రంగుల నీళ్లు వేరే చోటికి. బ్లీచింగ్ పౌడరుతో నూలును తెల్లబరచిన నీళ్లు మూడో చోటికి, దీన్ని మాత్రం సూక్ష్మజీవుల దరిదాపుల్లోకి రానివ్వకూడదు. అందులోని క్లోరిన్ సూక్ష్మజీవులను చంపడానికే పుట్టింది. వెడల్పాటి తొట్టిలో రెండు మూడు రోజులు ఎండలో ఉంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే ఫోటో స్టూడియోలవాళ్లు ఒకప్పుడు వాడిన హైపో కొద్దిగా వేయాలి. వాసన పూర్తిగా పోయాకే మిగతా నీళ్లతో కలపండి.

వ్యాట్ రంగులు, నాఫ్తాల్ రంగులు వాడేవాళ్లు ఆ నీళ్లను నాలుగో పాత్రలో పోయండి. వ్యాట్ రంగు గాలి తగిలితే నీటిలో కరగని పొడిగా మారిపోతుంది కాబట్టి దానికి ముందు తేర్చడమే మేలు. ఇక్కడ మన ఉమ్మడి జిల్లా పేరుతో ఉన్న పద్ధతే అక్కరకొస్తుంది. నాగపూర్‌లోని ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించి ‘నల్లగొండ పద్ధతి’ అని పిలిచిన దాంట్లో పటికా సున్నమూ కలిపి, తిప్పి, తేరనిస్తారు. అలాగే ఇక్కడ కూడా కాస్టిక్ ఘాటు తగ్గించాక పటిక వేసి తిప్పితే రంగు పొడి ముద్దలా అడుగుకు చేరుతుంది. అయితే పటిక రంగును విరగ్గొట్టదు, ఒకచోట పోగు చేస్తుంది, అంతే. పైన తేరిన నీటినే డ్రమ్ములోకి పంపాలి.

రంగు డబ్బా మీద చీటీ కూడా చదవండి. క్రోమియం, కోబాల్ట్, రాగి వంటి లోహాలు కలిపిన రంగులు పట్టుకు వాడుతుంటారు. లోహాన్ని ఏ సూక్ష్మజీవీ తినలేదు. అది బురదలో చేరుతుంది, లేదంటే నీళ్లలోనే మిగులుతుంది. విరిగినప్పుడు క్యాన్సర్ కారక అమైన్లు అనే ముక్కలను విడుదల చేసే ఆజో రంగులను, బెంజిడిన్ రంగులతో కలిపి మొత్తం 112 రకాలను, కేంద్ర ప్రభుత్వం 1990లలోనే నిషేధించింది. చీటీ లేకుండా పొట్లాలు కట్టి చవకగా అమ్మే రంగు ఏ జాతిదో మీకు తెలియదు కాబట్టి దాన్ని కొనకపోవడమే మొదటి శుద్ధి.

రెండో పని: కొలవడం

లాబొరేటరీ అక్కర్లేదు. పులుపూ క్షారమూ చూపే పీహెచ్ కాగితాలు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు, ఒక థర్మామీటరు, ఒకే కొలత గల ఐదు గాజు సీసాలు చాలు.

సీసాల పని ఇది. ఈ రోజు రంగు నీళ్లు ఒక సీసా నింపండి. రెండోదాంట్లో అదే నీరు సగం, బోరు నీరు సగం. మూడోదాంట్లో నాలుగో వంతు, నాలుగోదాంట్లో పదో వంతు, ఐదోదాంట్లో ఇరవయ్యో వంతు. మూతలు బిగించి, వెనక తెల్ల కాగితం అతికించి కిటికీలో వరుసగా పెట్టండి. శుద్ధి అయిన నీరు నాలుగో సీసాతో సరిపోలితే తొంభై శాతం రంగు పోయినట్టు. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఇంట్లో నేత నేసే కళ్లు చాలు. ఒక పోగు తేడాను పట్టే కళ్లు మనవి.

మూడో పని: సోడా, ఉప్పు, వేడి తగ్గించడం

ఒక కిలో నూలు లెక్క చూద్దాం. తొట్టికి సుమారు 20 లీటర్లు. లీటరుకు 50 గ్రాముల చొప్పున ఉప్పు వేస్తే అది ఒక కిలో. అంటే కిలో నూలుకు కిలో ఉప్పు కాలువలో పోస్తున్నాం. తర్వాత ఐదు జాడింపులకు మరో 100 లీటర్లు. అన్నీ కలిపితే 120 లీటర్లలో లీటరుకు 8 గ్రాములకు కాస్త పైగా ఉప్పు తేలుతుంది. తొట్టి నీళ్లు మాత్రమే డ్రమ్ములో పోస్తే బ్యాక్టీరియా ఉప్పుకే చస్తాయి. జాడింపు నీళ్లతో కలిపి పోస్తే అలవాటు పడతాయి. అందుకే ఈ రెండు నీళ్లను మాత్రం కలపమంటున్నాను.

రియాక్టివ్ తొట్టి పీహెచ్ సోడా యాష్ వల్ల 10.5 నుంచి 11 దాకా ఉంటుంది. దాన్ని 7, 7.5 దగ్గరికి దించాలి. గంధకామ్లం వాడకండి, కారణం తర్వాతి భాగంలో తెలుస్తుంది. ఎసిటిక్ ఆసిడ్ మంచిది. పట్టుకు రంగు వేసే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, పైగా అది బ్యాక్టీరియాకు తిండి కూడా. ముందు ఒక లీటరు నీటిలో చుక్కలు చుక్కలుగా వేసి ఎంత పట్టిందో రాసుకోండి, దాన్ని మొత్తం లీటర్లతో హెచ్చించండి. ఆసిడ్‌ను నీళ్లలో పోయాలే గానీ నీళ్లను ఆసిడ్‌లో పోయకూడదు. సోడా పొంగుతుంది కాబట్టి డ్రమ్మును నిండా నింపకండి. లోహం లేని పట్టు రంగుల పుల్లటి నీళ్లు మిగిలితే వాటినీ ఇందులో కలిపి ఆసిడ్ ఖర్చు తగ్గించుకోవచ్చు.

నీరు గోరువెచ్చగా, 35 డిగ్రీల లోపుకు చల్లారాకే తర్వాతి డ్రమ్ములోకి పోయండి.

నాలుగో పని: గాలి లేని డ్రమ్ము

మూత గట్టిగా పడే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. ఇంతకుముందు అందులో ఏ మందు నిల్వ ఉందో తెలియకపోతే వద్దు. అడుగున జానెడు ఎత్తు పగిలిన పెంకు ముక్కలు, పైన కొబ్బరి పీచు నింపిన వల సంచులు రెండు. బ్యాక్టీరియా ఈ గరుకు చోట్లను పట్టుకొని జిగురు పొరలా పెరుగుతుంది. అడుగు నుంచి జానెడు పైన ఒక కుళాయి బిగించండి. మూతకు సన్నని గొట్టం పెట్టి దాని చివరను ఆరుబయట, మనిషి తలకంటే ఎత్తులో ఉంచండి.

విత్తనానికి గోబర్ గ్యాసు ప్లాంటు నుంచి వచ్చే స్లర్రీ 30 లీటర్లు పోయండి. దానికి తోడు, ఏళ్ల తరబడి రంగు నీళ్లు పారిన కాలువ అడుగు నుంచి ఒక బకెట్ నల్ల బురద తీసి కలపండి. నేను ఈ బురదనే ఎక్కువగా నమ్ముతాను. ఆ రంగులను తట్టుకొని బతకడం నేర్చిన బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. స్వచ్ఛమైన జాతులు కావాలంటే కాలేజీలవారు చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎంటీసీసీ నుంచి తెప్పించుకోవచ్చు. బయటి డ్రమ్ములో మాత్రం ఒంటరి జాతి నిలవదు, ఊరి బురదే గెలుస్తుంది.

మిగతా డ్రమ్మును క్లోరిన్ లేని బోరు నీళ్లతో నింపి, లీటరుకు ఒక గ్రాము లెక్కన బెల్లం కరిగించి పోసి, మూత వేసి వారం వదిలేయండి. తర్వాత పదో వంతు నీరు తీసి, దాని బదులు తయారు చేసిన రంగు నీరు పోయండి. రంగు పోయిందా? నాలుగైదు రోజులకు ఐదో వంతు మార్చండి. అలా పెంచుకుంటూ పోతే నెల, నెలన్నరకు సగం డ్రమ్ము ఒకేసారి మార్చగలుగుతారు. తొందరపడి రెండో వారమే సగం పోసినవాళ్లు మళ్లీ మొదటికి వచ్చారు. పెరుగు తోడుకుంటున్నప్పుడు గిన్నెను కదిపితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

డ్రమ్ము అలవాటు పడ్డాక నీరు ఒక రోజు నుంచి రెండు మూడు రోజుల దాకా నిలవాలి. ప్రతిసారీ కొద్దిగా బెల్లం వేయాలి, ఎందుకంటే రంగు వాటికి తిండి కాదు, తిండి తిన్నాక ఎలక్ట్రాన్లు పారేసుకునే చోటు మాత్రమే. తిండి లేకపోతే పారేయడానికీ ఏమీ ఉండదు. ఎసిటిక్ ఆసిడ్ బాగా పట్టిన రోజున బెల్లం సగం తగ్గించవచ్చు. బెల్లం పులిస్తే పీహెచ్ పడిపోతుంది. వారానికి రెండుసార్లు చూసి, 6.5 కంటే దిగితే కొంచెం సున్నపు తేట కలపండి.

గోరింటాకు గురించి ఒక మాట. చేతులకు ఎర్రదనం ఇచ్చే లాసోన్ అనే పదార్థం ఎలక్ట్రాన్లను బ్యాక్టీరియా దగ్గర తీసుకొని రంగు అణువు దగ్గర దింపి, మళ్లీ ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంది. ఆజో రంగులను తీసే ప్రయోగశాలల్లో దాన్ని ఇలాగే వాడి చూశారు. నేను గుప్పెడు ఎండు గోరింటాకు పొడిని గుడ్డ మూటలో కట్టి డ్రమ్ములో వేలాడదీస్తాను. ముదురు నలుపులు తొందరగా తేరుకుంటున్నట్టు నాకు అనిపించింది. మీ సీసాలతో మీరే సరిచూసుకోండి.

ఇక ప్రమాదం. రంగు తొట్టిలో మామూలు ఉప్పు బదులు గ్లాబర్ ఉప్పు వాడితే, అది సోడియం సల్ఫేట్. గాలి లేని చోట కొన్ని బ్యాక్టీరియా సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కుళ్లిన గుడ్ల వాసన అదే. గంధకామ్లం వద్దన్నదీ అందుకే. ఆ వాయువు ఎక్కువైతే ముందు ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన ఆగిపోయిందని మనిషి నిశ్చింతగా వంగుతాడు, అక్కడే ప్రాణం పోతుంది. డ్రమ్ము ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. మూత తీసి లోపలికి తొంగి చూడకండి. నీరు కుళాయి నుంచే తీయండి. డ్రమ్ము దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, లోపల మీథేన్ కూడా పుడుతుంది. పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా పెట్టండి.

ఐదో పని: గాలి డ్రమ్ము, దీన్ని వదిలేయకండి

జామ చెట్టు సంగతి ఇప్పుడు. మొదటిసారి నా డ్రమ్ములో నలుపు రంగు నీరు మూడు రోజుల్లో లేత పసుపుకు వచ్చింది. సంతోషం పట్టలేక ఆ నీటిని వారం రోజులు పెరట్లో జామ చెట్టుకు పోశాను. ఒక సీసా మాత్రం అందరికీ చూపించడానికి మూత లేకుండా అరుగు మీద పెట్టాను. సాయంత్రానికి ఆ సీసాలో నీరు పైనుంచి కిందికి గోధుమ రంగుకు తిరగడం మొదలైంది. మర్నాటికి ఊదా కలిసిన గోధుమ. నెల తిరగకుండా జామ ఆకుల అంచులు మాడాయి, ఆపైన కొమ్మలు ఎండాయి. ఉప్పు ఒక కారణం. అసలు పని సగంలో ఆగడం రెండో కారణం.

ఆజో బంధం తెగినప్పుడు రంగు పోతుంది గానీ రెండు ముక్కలు మిగులుతాయి. వాటిని ఆరోమాటిక్ అమైన్లు అంటారు. కొన్ని అమైన్లు మూల రంగు కంటే ఎక్కువ విషపూరితం. నలుపు రంగుల ముక్కలు గాలి తగలగానే తమలో తాము కలిసి మళ్లీ రంగు తేలతాయి. అరుగు మీది సీసా చెప్పింది అదే. గాలి లేని డ్రమ్ములోని బ్యాక్టీరియా ఈ ముక్కలను దాదాపు ముట్టుకోదు. వాటిని తినేవి గాలిలో బతికే బ్యాక్టీరియా. అందుకే రెండో డ్రమ్ము తప్పనిసరి.

మూత లేని రెండో డ్రమ్ములో అడుగున గాలి రాళ్లు పెట్టి, చేపల తొట్టికి వాడే పంపుల్లో పెద్దది తగిలించండి. నీరంతా కదులుతూ బుడగలు రావాలి. పంపు రాత్రీ పగలూ ఆడాలి, కరెంటు పోయి నాలుగైదు గంటలు ఆగితే వాసన తేడా వెంటనే తెలుస్తుంది. దీనికి విత్తనం చెరువు గట్టు తడి మట్టి నాలుగు దోసిళ్లు, మొదటి డ్రమ్ము బురద కొద్దిగా. ఇక్కడ బెల్లం వేయకండి. సులువైన తిండి దొరికితే అవి అమైన్ల వైపు చూడవు. నీరు కనీసం రెండు రోజులు ఉండాలి. రెండు మూడు వారాలకు గోధుమ రంగు మెత్తని ముద్దలు నీటిలో తేలాడతాయి, పంపు అరగంట ఆపితే అడుగుకు దిగుతాయి. అలా దిగుతున్నాయంటే డ్రమ్ము ఆరోగ్యంగా ఉన్నట్టు. పై నీటిని తీసుకోండి, ముద్దలను అక్కడే ఉంచండి.

గంధకపు గుంపులు తగిలించిన కొన్ని అమైన్లు ఇక్కడా మొండికేస్తాయి. అందుకే పరీక్ష అవసరం, దాని దగ్గరికి వస్తాను.

ఆరో పని: పట్టు నీళ్లకు పుట్టగొడుగు పడక

పట్టుకు వేసే ఆసిడ్ రంగుల నీళ్ల పీహెచ్ సుమారు 4 నుంచి 5. బ్యాక్టీరియాకు అది పులుపు, శిలీంధ్రానికి సొంతిల్లు. దాన్ని సరిదిద్దడానికి సోడా తగలేసే బదులు ఆ పులుపును ఇష్టపడే జీవి దగ్గరికే పంపడం తెలివైన పని. టర్కాయిస్ నీలం వంటి మొండి రంగులు ఏ పద్ధతికైనా కష్టమే. ఆజో కాని ఆంత్రాక్వినోన్ నీలాలు మాత్రం పుట్టగొడుగుకు బాగా లొంగుతాయి.

వరిగడ్డిని రెండు అంగుళాల ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టండి. 80 డిగ్రీల వేడి నీటిలో ఒక గంట ముంచి, తీసి, శుభ్రమైన పట్టా మీద ఆరబెట్టండి. గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే కారాలి. ధారగా కారితే ఇంకా ఆరాలి. పారదర్శకమైన సంచిలో గడ్డి ఒక పొర, ముత్యపుచిప్ప పుట్టగొడుగు స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) ఒక పొర, మళ్లీ గడ్డి. కిలో తడి గడ్డికి 40, 50 గ్రాముల స్పాన్ చాలు. మూతి కట్టి, చిన్న చిల్లులు పొడిచి, చీకటిగా చల్లగా ఉండే గదిలో రెండు మూడు వారాలు ఉంచండి. 25 నుంచి 28 డిగ్రీలు దానికి హాయి. గడ్డి తెల్లటి ఉన్నిలా కమ్ముకుంటుంది. పచ్చ, నలుపు మచ్చలు కనిపించిన సంచిని దూరంగా పారేయండి.

ఇంతకంటే సులువైన దారి ఉంది. దగ్గర్లో పుట్టగొడుగులు పండించేవాళ్లుంటే రెండు మూడు కోతలయ్యాక పారేసే సంచులు అడిగి తెచ్చుకోండి. వాటిలో ఎంజైములు ఇంకా మిగిలే ఉంటాయి.

తెల్లబడిన గడ్డిని అడుగున చిల్లులున్న బకెట్లో మూడు జానల ఎత్తు వదులుగా నింపండి. పట్టు నీళ్లు పూర్తిగా చల్లారాక, పైన చిల్లుల సీసాతో సన్నగా చిలకరిస్తూ పోయండి. కింద పాత్రలో పడిన నీటిని మళ్లీ పైన పోయండి. రోజుకు నాలుగైదు సార్లు, రెండు మూడు రోజులు. గడ్డిని నీళ్లలో ముంచకండి. శిలీంధ్రానికి ఊపిరాడాలి, ఎంజైములకూ ఆక్సిజన్ కావాలి. ముంచిన రెండో రోజే జిగురు, దుర్వాసన వస్తాయి. దానర్థం బ్యాక్టీరియా ఆ ఇంటిని ఆక్రమించిందని. పడక మీద పుట్టగొడుగులు మొలిస్తే ఎంత ముద్దొచ్చినా తినకండి.

ఈ పడక కొన్ని వారాలు పనిచేస్తుంది. గడ్డి మెత్తబడి కుంగిపోతే కొత్తది కావాలి. కాబట్టి ఒక సంచి వాడుతుండగానే ఇంకో సంచి పెంచుతూ ఉండండి.

ఏడో పని: నిజంగా విరిగిందా, అంటుకుందా?

గడ్డి కూడా రంగును పీల్చుకుంటుంది, బురదా పీల్చుకుంటుంది. నీరు తెల్లబడిందంటే రంగు విరిగిందని కాదు, చోటు మారి ఉండవచ్చు. తేల్చడానికి ఇలా చేయండి. తెల్లబడిన రెండు సంచుల్లో ఒకదాన్ని అరగంట ఉడికించి చంపండి. రెండిటి మీదా ఒకే రంగు నీరు, ఒకే కొలతలో, ఒకేసారి పోయండి. మొదటి రోజు రెండూ సమానంగా రంగు పీలుస్తాయి, నమ్మకం సడలుతుంది కూడా. ఐదో రోజు చూడండి. చచ్చిన గడ్డి నీలంగానే ఉంటుంది. బతికిన గడ్డిలో నీలం అంచుల నుంచి పలచబడుతూ మళ్లీ లేత గోధుమ వన్నెకు వస్తుంది. ఆ రెండు గుప్పెళ్లనూ అరచేతుల్లో పక్కపక్కన పెట్టుకొని చూసిన రోజున ఈ పనిమీద నాకు గురి కుదిరింది. కాలేజీలో చేసేవాళ్లు బంగాళదుంప అగార్ పళ్లెంలో రెమజోల్ బ్రిలియంట్ బ్లూ కొద్దిగా కలిపి మధ్యలో శిలీంధ్రం ముక్క పెడితే, చుట్టూ రంగు లేని వలయం ఏర్పడటం చూడవచ్చు.

విషం సంగతికి పెసలు చాలు. మూడు పళ్లేల్లో తడిగుడ్డ పరిచి ఒక్కోదాంట్లో ఇరవై పెసలు వేయండి. ఒకదానికి బోరు నీరు, రెండోదానికి శుద్ధి కాని రంగు నీరు, మూడోదానికి శుద్ధి చేసిన నీరు. మూడు రోజుల తర్వాత ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి వేరు పొడవు స్కేలుతో కొలవండి. మూడో పళ్లెం మొదటిదానికి దగ్గరగా రాకపోతే గాలి డ్రమ్ములో మరో రోజు ఉంచండి. అప్పటికీ రాకపోతే కారణం ఉప్పేమో చూడండి. బోరు నీళ్లలో అంతే టీడీఎస్ వచ్చేదాకా ఉప్పు కలిపి నాలుగో పళ్లెం పెడితే తేలిపోతుంది.

మిగిలిన నీరు, మిగిలిన బురద

గాలి డ్రమ్ము నుంచి వచ్చిన నీటిని ఇసుక, బొగ్గు పొరల గుండా వడగట్టండి. దాని తర్వాత చోటుంటే సిమెంటు తొట్టిలో కంకర నింపి మెట్టతామర నాటి అందులోంచి పారించండి.

ఉప్పును ఏ సూక్ష్మజీవీ తీయలేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2016లో వస్త్ర పరిశ్రమకు పెట్టిన హద్దుల్లో బీఓడీ (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (మురుగును రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250, కరిగిన లవణాలు 2100, రంగు 150 యూనిట్లు, పీహెచ్ 6.5 నుంచి 8.5. లీటరుకు 8 గ్రాములంటే 8000 మిల్లీగ్రాములు, హద్దుకు దాదాపు నాలుగింతలు. కాబట్టి ఈ నీటిని పొలానికీ చెరువుకూ వదలకండి. నూలు మొదటి జాడింపుకు, షెడ్డు నేల కడగడానికి వాడండి. ఎక్కువైనదాన్ని నాపరాళ్లు పరిచి సిమెంటు పూసిన లోతు లేని మడిలో ఎండబెట్టండి. మన ఎండలు ఆ ఒక్క పనికైనా సాయపడతాయి. అసలు తొట్టిలో ఉప్పు తక్కువ పట్టే రంగులు ఎంచుకోవడం ఇంకా మేలు.

డ్రమ్ము అడుగు బురదను, వాడేసిన గడ్డిని పశువులకు వేయకండి, ఎరువుగా చల్లకండి. ఎండబెట్టి సంచుల్లో కట్టి వాన తగలని చోట ఉంచండి. నలుగురైదుగురు నేతకారులు కలిసి, లేదా సహకార సంఘం తరఫున, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని అడిగి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపించే ఏర్పాటు చేసుకోండి. ఏడాదికి ఒకసారి నీటిని గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్ష చేయించండి. పెసలు చెప్పలేనివి అక్కడ తెలుస్తాయి.

కాలాన్ని బట్టి

మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబెట్టిన నల్ల డ్రమ్ము లోపల ఇంకా ఎక్కువ. తాటాకు పందిరి వేసి చుట్టూ తడి గోనె పట్టాలు కట్టండి. పుట్టగొడుగు పడక ఆ ఎండల్లో నడవదు, పట్టు నీళ్లను నూలు నీళ్లతో కలిపి డ్రమ్ములోకే పంపండి. డిసెంబరు, జనవరిలో పని మందగిస్తుంది, రెండు రోజులు పట్టేది నాలుగు రోజులు పడుతుంది. అప్పుడు బెల్లం పెంచకండి, సమయం పెంచండి.

పండక్కో పెళ్లికో పది రోజులు ఊరు వెళ్తే గాలి లేని డ్రమ్ముకు ఏమీ కాదు. వెళ్లేముందు వంద గ్రాముల బెల్లం వేసి మూత బిగించండి. గాలి డ్రమ్ము పంపు మాత్రం ఆపకండి, పక్కింటివాళ్లకు చెప్పి రోజూ ఒకసారి బుడగలు వస్తున్నాయో లేదో చూడమనండి. తిరిగి వచ్చిన రోజు పూర్తి మోతాదు పోయకుండా, పావు వంతుతో మొదలుపెట్టి మూడు రోజుల్లో పాత లెక్కకు రండి.